ఏ మడి బియ్యం

బిష్కెక్,
2001 నవంబరు 2

తమ్ముడు ఖోల్మత్‌కి, మరదలికి, పిల్లలందరికీ అక్క మస్తుర దీవెనలు.

డ్రైవరు ఆబిద్ కారులో నువ్వు పంపిన బస్తా చేరింది. మూడో అంతస్తు దాకా తనే మోసుకొచ్చి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. ఉజ్గెన్ నుంచి వచ్చేవాళ్ళకి ఎప్పుడూ తొందరే. మీ బావ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. ఇళ్ళని వెచ్చబెట్టే గొట్టాల్లోకి వేడి నీళ్ళు వదిలామని మునిసిపాలిటీ వాళ్ళు అంటున్నారు గానీ అవి గోరువెచ్చగా కూడా లేవు. ఇంట్లోనే శాలువాలు కప్పుకుని తిరుగుతున్నాం. కోడలు గౌహర్‌కి ఐదో నెల నడుస్తోంది. పోయినసారి నాలుగో నెలలోనే పోయింది కదా, అందుకని ఈసారి మేమందరం ఊపిరి బిగబట్టుకుని ఉన్నాం.

అసలు సంగతి అదే. బస్తా మూతి విప్పగానే గౌహర్ ముక్కు మూసుకుని బాల్కనీలోకి పారిపోయింది. "అత్తయ్యా, ఈ బియ్యం మందుల కొట్టు కంపు కొడుతున్నాయి" అంది. నేను ఊరుకుంటానా? "ప్యాకెట్లో వచ్చే తెల్ల బియ్యం తిని పెరిగినదానివి, మూడేళ్ళు నిలవ పెట్టిన దేవ్‌జీర బియ్యం వాసన నీకేం తెలుస్తుంది!" అని కసిరాను. కడుపుతో ఉన్నవాళ్ళకి గులాబీ పువ్వు కూడా కంపే అని సరిపెట్టుకున్నాను. తర్వాత ఎవరూ చూడకుండా నేనూ గుప్పెడు తీసి అరచేతిలో రుద్ది చూశాను. ఎర్రపొడి అంటింది, అది మామూలే. కానీ దాని వెనక ఇంకేదో వాసన ఉంది. మొదటిసారి తగిలిన వాసన కూడా కాదు. ఇన్నేళ్ళూ అది పాత బియ్యం వాసనే అనుకుని తింటున్నాననిపించింది.

మొన్న బజారులో బియ్యం అమ్మే ముసలాయన్ని మాటల్లో పెట్టి అడిగాను. ఆయన నవ్వాడు. "ఉజ్గెన్ రైతులా? వాళ్ళు ఇంటికొక మడి, బజారుకొక మడి వేస్తారమ్మా. ఇంటి మడికి మందు చుక్క తగలనివ్వరు. మిగతాది మనకి" అన్నాడు. నేను ఆ ఊరి ఆడపడుచునని చెప్పలేదు.

ఫోనులో అడుగుదామనుకున్నాను. పోస్టాఫీసులో నిలబడి నువ్వు అరిస్తే ఊరంతా వింటుంది, ఆ పైన మధ్యలో పెట్టేస్తావు. అందుకని రాస్తున్నాను. కోపం తెచ్చుకోకుండా చెప్పు. నాకు పంపేది ఏ మడి బియ్యం?

సీమదానిమ్మ పళ్ళతో మురబ్బా చేశాను, ఆబిద్ చేతికి ఒక సీసా ఇస్తాను. చిన్నది, నీ మనవరాలు అనోరాకి పళ్ళొచ్చాయా?

మీ అక్క,
మస్తుర

*

ఉజ్గెన్,
2001 నవంబరు 14

అక్కకి సలాం. బావ మోకాళ్ళకి గొర్రె కొవ్వు రాసి ఉన్ని గుడ్డ చుట్టమని చెప్పు.

మురబ్బా అందింది. సీసా మూత విప్పి వాసన చూడకుండానే తిన్నాం. మా ఇంట్లో అలాంటి అలవాటు లేదు.

నీ ఉత్తరం జేబో చదివి వినిపించింది. మామగారి అక్కగారు ఏం రాసిందో కోడలి నోట వినాల్సి రావడం నాకెంత బాగుందో నువ్వే ఊహించుకో. మధ్యలో ఆ పిల్ల ఉత్తరం మడవబోయింది. "మిగతాది తర్వాత చదువుతాను మావయ్యా" అంది. నేనే చదవమన్నాను.

అవును, మందు కొడతాను. దాచుకోవాల్సిన పనేం లేదు. కాలువ కింద పెద్ద చేలో నాటిన పదిహేను రోజులకి ఊదగడ్డి లేస్తుంది. దాన్ని చేత్తో తీయాలంటే ఇరవై మంది ఆడవాళ్ళు కావాలి. ఉన్న ఆడవాళ్ళలో సగం మంది రష్యాలో అంట్లు తోముతున్నారు. అందుకని ఒకసారి గడ్డి మందు. అగ్గి తెగులు కనిపిస్తే వెన్ను పైకి రాకముందు ఇంకోసారి. ఆ తర్వాత డబ్బా కడిగి దాచేస్తాను. కోతకి ముందు ఆగమన్నన్ని రోజులూ ఆగుతాను. పక్క చేను తొయిర్ ఆగడు, నేను ఆగుతాను. ఇదంతా ఆ బజారు ముసలాయనకి చెప్పు, చేను ఎప్పుడైనా చూశాడేమో అడుగు.

ఊట పక్కన అమ్మ మడి ఉంది కదా, దానికి మాత్రం మందు కొట్టను. ఊట నీళ్ళు చల్లన, అక్కడ తెగులు తక్కువ. మీ మరదలూ జేబో వంగి చేత్తోనే కలుపు తీస్తారు, బాతుల్ని వదులుతాం. పండేది కొంచెమే.

ఇక ఎవరికి ఏ మడిది పంపాలో నాన్న పోయేముందు చెప్పిపోయాడు. నేను అదే చేస్తున్నాను. ఇంతకన్నా ఏం చెప్పను? ఆడపడుచు సంచిలోకి తొంగిచూసి లెక్క అడిగితే తమ్ముడు లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలా?

అనోరాకి నాలుగు పళ్ళు. అందరినీ కొరుకుతోంది. నీ పోలికే.

ఖోల్మత్

*

బిష్కెక్,
2001 డిసెంబరు 3

ఖోల్మత్, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేను అడిగిన ఒక్క ప్రశ్నకి జవాబు తప్ప అన్నీ ఉన్నాయి అందులో.

నాన్న చెప్పిపోయాడట! నాన్న ఏం చెప్పాడో నాకేం తెలుసు? ఆయన పోయినప్పుడు నేను దారిలో ఉన్నాను, మట్టి వెయ్యడానికి కూడా అందలేదు. ఆయన చెప్పింది ఏమిటో ఒక్క ముక్కలో రాస్తే నీ చెయ్యి పడిపోతుందా?

నువ్వు రాయలేదు కాబట్టి నేనే చూసుకున్నాను. గౌహర్ వాళ్ళ అమ్మకి తెలిసిన వాలెంటినా గారని ఒకావిడ, ఆహార పదార్థాలు పరీక్షించే ల్యాబులో పని చేస్తుంది. నువ్వు పంపిన బస్తాలోంచి గిన్నెడు బియ్యం ఇచ్చాం. నిన్న కబురు వచ్చింది. పురుగుల మందు ఉంది. ఉండకూడనంత ఉంది. పేరేదో బారెడు పొడుగున చెప్పింది గౌహర్, నాకు నోరు తిరగలేదు. విషానికి పేరెందుకు, అది ఇంట్లో ఉంటే చాలదా?

గౌహర్ కంచం పక్కకి జరిపి, రొట్టె టీలో ముంచుకుని తిని లేచిపోయింది. పోయినసారి కూడా ఆ పిల్ల తొలినెలల్లో తిన్నది ఈ బియ్యమే. బలం వస్తుందని నేనే కొసరి కొసరి పెట్టాను. దాని వల్లే పోయిందని ఎవరూ అనలేదు, వాలెంటినా గారు కూడా అనలేనంది. కానీ నేను పడుకుంటే ఆ మాటే తిరుగుతోంది తలలో.

ఇప్పుడు నిజం చెప్పు. చేత్తో కలుపు తీసిన ఆ చల్లని మడి మీ కంచాల్లోకి, డబ్బా కొట్టిన చేను మా కంచాల్లోకి వస్తోందా? నీ బజారు వాళ్ళకి నువ్వేం చేసుకున్నా నాకు అనవసరం. నేను నీ తోడబుట్టినదాన్ని.

మస్తుర

*

ఉజ్గెన్,
2001 డిసెంబరు 19

బిష్కెక్‌లో ఉన్న గొప్పింటి అక్కగారికి.

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను తిన్నగా తొయిర్ ఇంటికి వెళ్ళాను. నా బియ్యంలో విషం ఉందంటే అది పై చేను వాడి పనే అయ్యుండాలి. వాడు మందు డబ్బా కాలువలో కడగడం నేను కళ్ళారా చూశాను. వాకిట్లో నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. "ఊట పక్క మడికి నా కాలువ నీళ్ళు ఎక్కడ పారతాయిరా, గుడ్డివాడా? అది నాకంటే ఎత్తున ఉంది!" అన్నాడు. నిజమే. ఆ మాట నాకు సగం తిట్టాక తట్టింది. ఇప్పుడు వాడికీ నాకూ మాటల్లేవు. ముప్ఫై ఏళ్ళ పొరుగు.

ఆ తర్వాత కూర్చుని ఆలోచించాను. ఈ బియ్యం ఎనిమిదేళ్ళుగా తింటున్నారు మీరు. పదిమందికి పలావు చేసి పెట్టి, మా పుట్టింటి బియ్యం అని మురిసిపోయావు. మీ అబ్బాయి సర్వర్ పెళ్ళిలో వంటవాడు అడిగి మరీ రెండు గుప్పెళ్ళు జేబులో వేసుకున్నాడు. అప్పుడు లేని వాసన కోడలు వచ్చాక వచ్చింది. పరీక్ష చేసింది కోడలి తల్లికి తెలిసినావిడ. కబురు తెచ్చింది కోడలు. కాగితం నువ్వు చూశావా? నేనేమీ అనడం లేదు. పట్నం పిల్లలకి అత్తగారి పుట్టింటి రాకపోకలు నచ్చవు అంటారు, అంతే.

సరే. ఇదిగో, ఆబిద్ చేతికి ఇంకో బస్తా ఇచ్చి పంపుతున్నాను. ఇది మేము తింటున్న బస్తా. మా మూటలోంచి, మా కంచాల్లోంచి తీసింది. సగం వాడేశాం, మూతి తాడు చూడు, అరిగిపోయి ఉంటుంది. నాన్న గాదెలో నీకోసం ఉంచినదంతా ఈ రోజు నుంచి మేము తింటాం. నేను తింటాను, మీ మరదలు తింటుంది, జేబో తింటుంది. అనోరాకి పాలన్నం కూడా అందులోంచే. నీ విషం ఏదో మేమే తిని చూపిస్తాం.

వసంతానికి మేమందరం చచ్చిపోతే వచ్చి ఏడువు.

ఖోల్మత్

*

బిష్కెక్,
2002 జనవరి 25

తమ్ముడికి,

కొండ కనుమ మీద మంచు కూలి వారం రోజులు దారి మూసేశారు. ఆబిద్ ఇక్కడే చిక్కుకుపోయి మా ఇంట్లో పడుకున్నాడు. మంచి పిల్లాడు, రాత్రంతా గురక. మీ ఇంటి సంగతులు అడిగితే "అందరూ బాగున్నారు ఖాలా" తప్ప ఒక్క మాట రాలేదు. నువ్వే నోరు కట్టేసి పంపి ఉంటావు.

కాగితం చూశావా అని అడిగావు కదా. ఈసారి నేనే వెళ్ళాను. రెండు బస్సులు మారి, ఐసు మీద ఒకసారి జారిపడి, నీ రెండో బస్తా బియ్యం నా చేత్తో వాలెంటినా గారి చేతిలో పెట్టాను. గౌహర్‌ని గుమ్మం కూడా దాటనివ్వలేదు. పదిరోజుల తర్వాత మళ్ళీ నేనే వెళ్ళాను. ఆవిడ కాగితం తిప్పి నా ముందు పెట్టి, వేలితో చూపించి చెప్పింది. "ఇది బాగుంది. తినొచ్చు. ఉన్నదేదో లెక్కలోకి రానంత" అంది.

బాగుందట, ఖోల్మత్! మీ మూటలోంచి, మీ కంచాల్లోంచి తీసినది బాగుంది. నాకోసం అని విడిగా ఉంచినది విషం. ఇంక నేను ఎవర్ని అడగాలి? బజారులో ఆ ముసలాయన మొదటే చెప్పాడు. నేను ఆయన మీద మనసులో మండిపడ్డాను, మా తమ్ముడు అలాంటివాడు కాడని.

నువ్వు పౌరుషానికి పోయి నీ అసలు బస్తా పంపావు, అందుకే దొరికిపోయావు. పౌరుషం లేకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

మీ బావ "వదిలెయ్, ఇంక అక్కడి నుంచి తెప్పించకు" అంటున్నారు. ఆయనకి తేలిక. నాకు ఊళ్ళో మిగిలింది నువ్వొక్కడివే. నిన్ను కూడా తీసేస్తే నేను ఏ ఊరిదాన్నని చెప్పుకోను?

అనోరాకి ఆ బియ్యం పెడుతున్నానని రాశావు. అది నన్ను ఏడిపించడానికి రాశావని నాకు తెలుసు. నువ్వు పెట్టవు. తెలిసి తెలిసి ఎవరు పెడతారు?

గౌహర్‌కి మార్చిలో. దేవుడు చల్లగా చూడాలి.

మస్తుర

*

ఉజ్గెన్,
2002 ఫిబ్రవరి 12

అక్కా,

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను, జేబో చేత రాయించడం లేదు. నా రాత అర్థం కాకపోతే బావ చేత చదివించుకో.

నువ్వు బాగుందన్న బస్తా పెద్ద చేనుది. మందు కొట్టిన చేనుది. అర్థమైందా? మేము ఏడాది పొడుగునా తినేది అదే, అమ్మేదీ అదే. ఊట పక్క మడిలో పండేది ఒక్క గింజ కూడా మేము ముట్టం. నాన్న చెప్పింది అది. "అమ్మ మడి బియ్యం మస్తురకి. అది పరాయి ఊళ్ళో ఉంది, దానికి మన నీళ్ళ రుచి అందాలి. మూడేళ్ళు గాదెలో పండనిచ్చి పంపు, పచ్చిది పంపకు" అని. ఎనిమిదేళ్ళు అలాగే చేశాను. నీళ్ళ మిల్లులో పైపైన దంచి, ఎర్రపొడి దులపకుండా గాదెలో పోసి, మూడో ఏడు నిండాక మీ మరదలు ఒక్కొక్క రాయీ ఏరి సంచికెత్తింది. ఒక ఏడు నడుం పడిపోయి ఆరు నెలలు లేవలేదు, లేచాక మళ్ళీ ఆ మడి కలుపు మానలేదు.

మొదటి ఉత్తరంలోనే చెప్పొచ్చు కదా అంటావు. ఎలా చెప్పను? నీకు మంచిది పెట్టి మేము నాసిది తింటున్నామని నా నోటితో నేను చెప్పుకోవాలా? పెట్టినదాన్ని చెప్పుకునేవాడు పెట్టినవాడే కాదని నాన్న కొట్టి మరీ నేర్పాడు నాకు.

ఇంక నీ ల్యాబు సంగతి. మందు కొట్టినది శుభ్రం, మందు తగలనిది విషం! ఇది ఏ లెక్కో నువ్వే చెప్పు. ఇక్కడ గింజ గింజా నా కళ్ళముందు పండింది. బస్తా ఆబిద్ కారు ఎక్కాక ఏమైందో నాకు తెలీదు. మీ వంటింట్లో బొద్దింకల మందు కొడతారా? కోడలు ఏమైనా చల్లిందా? ఎవరో ఏదో కలిపారు, అది మీ గుమ్మం లోపలే జరిగింది.

అనోరాకి పెట్టనన్నావు కదూ. డిసెంబరు నుంచి రోజూ రెండు పూటలా ఆ పాలన్నమే. బుగ్గలు వచ్చాయి. మొన్న గోడ పట్టుకుని నిలబడింది. నేను చెప్పిన మాట తప్పేవాణ్ణి కాదు.

నిన్న పోస్టాఫీసు పిల్ల పరుగెత్తుకొచ్చి, సాయంత్రం నువ్వు ఫోను చేస్తావు రమ్మంది. కాలువ పూడిక తీసే రోజు, ఇంటికొక మనిషి దిగాలి. నేను దిగాను. వెళ్ళలేదు. నన్ను తిట్టాలనుకుంటే రాసి పంపు.

ఖోల్మత్

*

బిష్కెక్,
2002 ఫిబ్రవరి 17

ఖోల్మత్! ముందు ఇది చదివి, మిగతాది తర్వాత చదువు. ఆ బియ్యం పాపకి పెట్టకండి. జేబో తినకూడదు. ఎవరూ తినకూడదు. వెంటనే ఆపండి.

నిన్ను తిట్టడానికి కాదు ఫోను చేసింది. నువ్వు నిజంగానే పాపకి పెడుతున్నావని ఆబిద్ నోరుజారి చెప్పాడు. రెండో రోజు మళ్ళీ చేశాను, లైను కలవలేదు. మూడో రోజు కలిసింది, నువ్వు ఊళ్ళో లేవన్నారు. ఈ ఉత్తరం ఆబిద్ నీ చేతికే ఇవ్వాలి, ఇచ్చేదాకా కదలొద్దని చెప్పాను.

నీ పన్నెండో తేదీ ఉత్తరం నిన్న అందింది. నా ఎనిమిదేళ్ళ అన్నం గురించి నాకు తెలీదు తమ్ముడూ. మరదలి నడుం సంగతి నాకు తెలీదు. దాని గురించి తర్వాత ఏడుస్తాను.

ఆ ఉత్తరం పట్టుకుని వాలెంటినా గారి దగ్గరికి పరుగెత్తాను. మందు తగలని మడిలో విషం ఎలా వచ్చిందని అడిగాను. ఆవిడ నన్ను వింతగా చూసింది. "నేను మొదటిసారే పేరు చెప్పి పంపాను కదా, మీరు ఎవర్నీ అడగలేదా?" అంది. ఆ బారెడు పేరుని పొట్టిగా ఏమంటారో తెలుసా? డీడీటీ. మన చిన్నప్పుడు దూస్త్ అనేవాళ్ళం, ఆ తెల్లపొడి. అమ్మ మన తలలకి పేలమందు అని రాసి గుడ్డ కట్టేది. విమానాలు పత్తి మీద చల్లేవి, మనం కింద చేతులు ఊపుతూ పరుగెత్తేవాళ్ళం. అది ఇప్పుడు ఎవరి దగ్గరా ఉండదట, ఆపేసి ఎన్నో ఏళ్ళయింది. నీ డబ్బాలో ఉండే మందు కాదు. తొయిర్ డబ్బాలోదీ కాదు. మా బొద్దింకల మందూ కాదు.

"ఆ బియ్యం ఎక్కడ పండిందని ఇన్నాళ్ళూ అడిగారు. ఎక్కడ నిలవ ఉందో అడగండి" అంది ఆవిడ. గోడలా, సంచులా, నేలా, ఏదో ఒకటి ఆ పొడిని పీల్చుకుని ఉంటుందట. ఎన్ని ఏళ్ళైనా అది పోదట. బియ్యం దాన్ని ఆనుకుని ఎంతకాలం ఉంటే అంత ఎక్కుతుందట, పైన తవుడు ఉంటే ఇంకా ఎక్కువ.

గాదె అని రాశావు నువ్వు. మన ఇంట్లో గాదె ఎప్పుడుంది? నాకు తెలిసి మట్టి కుండలే. అది ఎక్కడిది?

మస్తుర

*

ఉజ్గెన్,
2002 ఫిబ్రవరి 20

అక్కా,

పాపకి ఆపేశాం. నీ ఉత్తరం వచ్చేసరికి జేబో చెంచా పట్టుకుని కూర్చుని ఉంది. నేను గిన్నె లాక్కున్నాను. పాప గుక్కపట్టి ఏడ్చింది.

గాదె నాన్న చేశాడు. నువ్వు పెళ్ళై వెళ్ళిన చాన్నాళ్ళకి, మన సమష్టి పొలం కల్ఖోజ్ ఎత్తేసిన ఏడాది. ఊరంతా కల్ఖోజ్ కొట్టాల మీద పడి తలుపులూ దూలాలూ ఊడబీక్కుపోయారు. మన వైపు మెత్తటి పాప్లారు చెట్లు తప్ప మంచి చెక్క ఎక్కడుంది? విమానాలు దిగే మైదానం పక్కన పురుగుల మందుల కొట్టు ఉండేది గుర్తుందా, రష్యా దేవదారు పలకలతో కట్టినది? బెత్తెడు మందం పలకలు. ట్రాక్టరు ట్రాలీ నేను తోలాను, నాన్న పలకలు ఎక్కించాడు. అవి దొరికినందుకు ఆయన ఎంత సంబరపడ్డాడో. సున్నపు నీళ్ళతో కడిగి, ఎండబెట్టి, చిత్రిక పట్టాడు. వాసన పోయేదాకా పట్టాడు. ఇంత గట్టి గాదెలో ఎలుక దూరదు, పురుగు పట్టదు అన్నాడు. నిజంగానే పదేళ్ళలో ఒక్క పురుగు పట్టలేదు. అది చెక్క గొప్పతనం అని పదిమందికీ చెప్పుకున్నాం.

మా బియ్యం ఎప్పుడూ సంచుల్లోనే, వసారాలో. గాదెలో పోసేంత విలువ వాటికి లేదని. మంచిదని ఏరి, దాచి, మూడేళ్ళు ఆపి నీకు పెట్టింది ఆ ఒక్కటే.

నిన్న పొద్దున్న తొయిర్ ఇంటికి వెళ్ళాను. వాడు తలుపు తియ్యలేదు. బయటినుంచే చెప్పాను. "నీ కోళ్ళ గూడు పలకలు కూడా ఆ కొట్టువే తొయిర్, గుడ్లు పిల్లలకి పెట్టకు" అని. తర్వాత తలుపు తీసి, బయటికి వచ్చి, నాతో కలిసి ఇల్లిల్లూ తిరిగాడు. ఎవరింట్లో చూసినా ఏదో ఒకటి ఉంది. ఒకరి గుమ్మం, ఒకరి అటక, ఒకరి రొట్టెలు చేసే బల్ల. కొందరు నమ్మారు. కొందరు నేను వాళ్ళ చెక్క మీద కన్నేశానన్నారు.

జేబో నాతో మాట్లాడడం లేదు. కొడుకు రష్యా నుంచి ఫోను చేస్తే ఏం చెప్పాలో తెలీదు. ఆ పిల్ల మొదటి నుంచీ "పాపకి మామూలు బియ్యం వండుతాను మావయ్యా, వాసన వస్తోంది" అంటూనే ఉంది. నేను వినలేదు. నీ మీద పంతంతో నా మనవరాలికి రోజూ రెండు పూటలా తినిపించాను అక్కా. నవ్వుతూ నోరు తెరిచేది. ఇప్పుడు ఏం చెయ్యాలో చెప్పు. నాకు ఏమీ తోచడం లేదు. గాదె తగలబెట్టనా?

నీ తమ్ముడు,
ఖోల్మత్

*

బిష్కెక్,
2002 ఫిబ్రవరి 24

ఖోల్మత్,

గాదె తగలబెట్టకు. పొగ ఇంకా చెడ్డదట. పలకలు విప్పొద్దు, పైన టార్పాలిన్ పట్టా కప్పి తాడు కట్టి, ఆ గదికి తాళం వెయ్యి. మిగిలిన బియ్యం కోళ్ళకి వెయ్యొద్దు, కాలువలో పొయ్యొద్దు, అందులోనే ఉండనివ్వు. వీటిని ఎవరు తీసుకుంటారని వాలెంటినా గారిని అడిగితే ఆవిడ చేతులెత్తేసింది. ఏ ఆఫీసుకి వెళ్ళినా ఇంకో ఆఫీసు పేరు చెబుతారట. అది మీ ఊళ్ళోనే పడి ఉంటుంది కాబోలు.

పాప గురించి నేను నీకు తీపి మాటలు చెప్పను, నీకు అవి నచ్చవు. అది ఒంట్లోంచి తొందరగా పోదట. అలాగని జబ్బు చేస్తుందనీ లేదట. రెండు నెలలు తిన్న పాప కంటే ఎనిమిదేళ్ళు తిన్న నేనే ముందు ఉండాలి ఆ వరసలో, నన్ను చూడు, నోరింకా ఎంత బలంగా ఉందో. గౌహర్‌కి కూడా అదే చెప్పాను. "పుట్టిన బిడ్డకి పాలు మాత్రం ఇవ్వొచ్చు, భయపడి మానొద్దు" అని డాక్టరు అందట. గౌహర్ నవ్వింది, తర్వాత ఏడ్చింది. ఆ పిల్ల మీద నువ్వు వేసిన నింద ఆమెకి చదివి వినిపించలేదు. ఎప్పుడైనా వస్తే నువ్వే మంచిగా పలకరించు, చాలు.

నీ మీద నాకు కోపం ఉంది. నవంబరులో "అమ్మ మడిదే అక్కా" అని నాలుగు మాటలు రాసుంటే నేను ఆ వాసన ఎక్కడిదని వెతికేదాన్ని, నిన్ను వెతికేదాన్ని కాదు. నా మీద నాకూ ఉంది. విషం ఉందని వినగానే దాని పేరైనా అడగకుండా నీ పేరు పెట్టేశాను. ఆ పాప మన ఇద్దరి మధ్యన కూర్చుని తింది ఆ రెండు నెలలూ.

నాన్న మీద మాత్రం కోపం తెచ్చుకోకు. ఉన్నవాటిలో గట్టి చెక్క చూసి, కూతురి బియ్యానికని చేశాడు.

ఎల్లుండి పొద్దున్నే ఆబిద్ కారులో బయల్దేరుతున్నాను. మీ బావ వద్దంటున్నారు, గౌహర్‌కి నెలలు నిండుతున్నాయని. గౌహరే వెళ్ళమంది. జేబోనీ పాపనీ నాతో తీసుకొచ్చి ఇక్కడి పిల్లల డాక్టరుకి చూపిస్తాను, రక్తం పరీక్షకి వాలెంటినా గారు మాట్లాడారు. పాపకి ఉన్ని టోపీ, రెండు జతలు మందం బట్టలు సర్దమను. కనుమ మీద ఇంకా చలే.

మరదలికి చెప్పు, నాకోసం ప్రత్యేకంగా ఏమీ ఏరొద్దు, దాచినవి తియ్యొద్దు. ఆ రోజు మీ పొయ్యి మీద మీకోసం ఏది ఉడుకుతుంటే అందులోంచే ఒక కంచం పెట్టమను. ఏ మడిదని నేను అడగను.

మీ అక్క,
మస్తుర